తోక ముందుకు ఎగిరిన పక్షి

తోక ముందుకు పెట్టి ఎగిరే పక్షి సృష్టిలో ఎక్కడా లేదు. హనాదీ మాత్రం రెండుసార్లు చూసింది. మొదటిసారి ఆమెకు ఏడేళ్లు. అప్పుడు పక్షిని చూసే తీరిక లేదు, కళ్లు రెండూ పడవ మీదే ఉన్నాయి. రెండోసారికి ఇరవై రెండు నిండాయి. కాలేజీ మూడో అంతస్తులో, రెక్క సరిగా మూసుకోని కిటికీ పక్కన, కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది. పక్క కుర్చీలో ఆమె క్లాసువాడు ఔస్ పుచ్చగింజలు కొరుకుతూ తొక్కలు కాగితం పొట్లంలో ఉమ్ముతున్నాడు.

“ఆపు. వెనక్కి పోనీ. ఒక్కో బొమ్మే,” అంది హనాదీ.

ఔస్ ఒక్కో బొమ్మే కదిపాడు. రేవులోకి పడవ వస్తోంది. దాని గొట్టంలోంచి పొగ బయటికి రావడం లేదు. ఆకాశంలో పరుచుకున్న పొగంతా ముడుచుకుని గొట్టంలోకి దూరుతోంది. ఒడ్డున విరిగిపడిన నురుగు మళ్లీ కెరటంగా లేచి సముద్రంలోకి పోతోంది. పడవ మీదుగా తెల్లటి నీటిపక్షి ఒకటి, రెక్కలు ఆడిస్తూనే, తోక ముందూ ముక్కు వెనకా పెట్టుకుని తెర దాటిపోయింది. పడవలో నిలబడిన, కథలోని పిల్ల తండ్రి మాత్రం చక్కగా చెయ్యి ఊపుతున్నాడు. చెయ్యి ఊపడంలో ఉన్న చిక్కే అది. ముందుకు నడిపినా వెనక్కి నడిపినా ఒకేలా ఉంటుంది.

“ఇది రావడం కాదురా, పోవడం. మొదటి భాగంలో వెళ్లిపోయిన పడవనే తిరగేసి నడిపించారు,” అంది హనాదీ.

“ఏడేళ్లప్పుడే కనిపెట్టి ఉంటే నాలుగేళ్లు ఈ మెట్లెక్కే బాధ తప్పేది నీకు,” అన్నాడు ఔస్.

ఆమె నవ్వలేదు. అతను ఆమె మొహం చూసి పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాలేజీలో చివరి సంవత్సరం వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. సొంతంగా సినిమా గీయబోయే ముందు ప్రతి ఒక్కరూ ఒక వ్యాసం రాయాలి. తాము చూసిన బొమ్మల సినిమాల్లో ఏది తమ మీద ఎలా పనిచేసిందో అందులో చెప్పాలి. ఆ వ్యాసాన్నీ, గీయబోయే సినిమా కథనీ ఒకే ఫారానికి గుచ్చి ఇవ్వాలి. రెంటికీ కలిపి ఒకటే సంతకం. ఏం చూసి పెరిగారో తెలియకుండా మీరు ఏం గీస్తారో నాకెలా తెలుస్తుంది అనేవాడు వాళ్ల గురువు ఉస్తాద్ మున్‌జిర్. ఆ ఫారంలో ‘ఎవరి కోసం’ అని ఒక గడి ఉంటుంది. పిల్లల కోసం అని రాసి సంతకం పెట్టిన సినిమాలే టీవీలో నాలుగు గంటల పిల్లల కార్యక్రమానికి వెళ్తాయి, బడులకు వెళ్తాయి. హనాదీకి కావలసింది ఆ గడిలో ఆ ఒక్క మాట. ఆమెది ఏడు నిమిషాల సినిమా. ఒక పిల్లకి తండ్రి చనిపోతాడు, ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పరు, చివరికి పిల్ల చూస్తుంది. అంతే కథ. దాన్ని ఏడేళ్ల వాళ్లు చూడాలి. పెద్దవాళ్లు చూసినా చూడకపోయినా ఆమెకు ఒకటే.

వ్యాసానికి ఆమె ఎంచుకున్నది ఆ పడవ ఉన్న బొమ్మల సీరియల్ ‘ఓడరేవు సుహా’. ఆమె ఈడువాళ్లలో అది చూడనివాళ్లు వాళ్ల ఊరు అమ్మాన్‌లో ఉండరు. గీసింది జపాన్‌లో. ఇక్కడ దానికి అరబ్బీ మాటలు పెట్టి, పిల్లకి సుహా అని పేరు పెట్టారు. ఆ అరబ్బీ పుస్తకాల్లో ఉండేది, ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడనిది. అయినా కొన్నాళ్లు వీధిలో పిల్లలు కొట్టుకునేటప్పుడు కూడా అదే భాషలో తిట్టుకున్నారు. మధ్యమధ్యలో కథ చెప్పే మగగొంతు ఉస్తాద్ మున్‌జిర్‌దే. మాటలు రాసిందీ ఆయనే. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే ఆయన్ని చుట్టుముట్టి ఆ ఒక్క వాక్యం చెప్పమని బతిమాలేవాళ్లు. ఆయన రెండుసార్లు కాదని, మూడోసారి గొంతు సవరించుకుని, “సుహా తండ్రి దూరదేశాలకు ప్రయాణమై వెళ్లాడు,” అనేవాడు. గదంతా చప్పట్లు. హనాదీ కూడా కొట్టింది. నిజం చెప్పాలంటే ఆ గొంతు కోసమే ఆమె ఈ కాలేజీలో చేరింది.

ఔస్ ఎక్కడెక్కడో వెతికి జపాన్ వాళ్ల అసలు సీరియల్ సంపాదించుకొచ్చాడు. అందులో యాభై రెండు భాగాలున్నాయి. తాము చూసినవి నలభై ఏడు. పోయినవాటిలో మొదటిది తొమ్మిదో భాగం. భాష రాకపోయినా ఇద్దరూ కూర్చుని చూశారు. అర్థం కానిదేమీ లేదు. గాలివాన, మర్నాడు పొద్దున నలుగురు మగవాళ్లు. ఊడదీసిన తలుపు మీద సుహా తండ్రిని పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. పిల్ల వెనక పరిగెడుతోంది. ఆయన బూటు ఒకటి జారి దారిలో పడితే తీసుకుని, తలుపు పక్కనే నడుస్తూ దాన్ని కాలికి తొడగబోతుంది. తడిసిన కాలు బూటులోకి పోదు. మళ్లీ తొడగబోతుంది. ఒకటిన్నర నిమిషం సేపు అదే. మాటలు లేవు, పాట లేదు.

దాని గురించి హనాదీ వ్యాసంలో ఇలా రాసింది: “కొండ మీంచి పడి అప్పడంలా అణిగిపోయి లేచి దులుపుకుని పోయే జంతువుల సినిమాలు చాలా చూశాను. అవి అబద్ధాలని పిల్లలకు తెలుసు, అందుకే నవ్వుతారు. మొదటి సంవత్సరంలో మాకు బంతిని గీయడం నేర్పుతూ, ముందు దానికి బరువు తెప్పించండి, తర్వాతే కదలిక అన్నారు. ఆ కాలికి బరువుంది. గీసినదెవరో నాకు తెలియదు. ప్రాణం పోయిన కాలికి ఎప్పుడో ఒకప్పుడు చెప్పు తొడగబోయినవాడే అయి ఉండాలి. ఆ ఒకటిన్నర నిమిషం నాకు ఏడేళ్లప్పుడు అందాల్సింది. నాకివ్వకుండా దాచినవాళ్లు దాని బదులు తోకవైపు ఎగిరే పక్షిని ఇచ్చారు.”

ఇంత కోపం ఎందుకంటే, దానికో కారణముంది.

హనాదీ తండ్రి బాగ్దాద్ రోడ్డు మీద ఆయిలు ట్యాంకరు నడిపేవాడు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకే దాచడం సులువైంది. రువైషిద్ దాటాక బండి బోల్తాపడి ఆయన పోయిన వారం ఇల్లంతా యాలకులేసిన చేదు కాఫీ వాసన. ఆడవాళ్లు వచ్చేవారు, కూర్చునేవారు, ఒక చిన్న కప్పు తాగి లేచి పోయేవారు. హనాదీని మాత్రం పై వాటాలో ఉండే ఉమ్ సుఫ్యాన్ ఇంటికి పంపి టీవీ ముందు కూర్చోబెట్టారు. అమ్మ నల్లబట్టలు వేసుకుంది. ఎవరి కోసమంటే అమ్మమ్మ తమ్ముడి కోసమంది. నాన్నేడి అంటే ప్రయాణంలో ఉన్నాడంది. ఆ ఒక్క మాటకి వీధంతా కట్టుబడింది. రొట్టెల కొట్టువాడు కూడా, మీ నాన్న ఎప్పుడొస్తాడమ్మా అని అడగడం మానేశాడు. నోరు జారిన పిల్లలకి చెవులు మెలేస్తామని పెద్దవాళ్లు కాపలా కాశారు. ఇలా పదకొండు నెలలు.

వారానికోసారి నాలుగు గంటలకి సుహా వచ్చేది. సుహా తండ్రీ ప్రయాణంలోనే ఉన్నాడు. హనాదీ ఆ పిల్లని తన జట్టు అనుకుంది. సీరియల్ మొదలయ్యే సమయానికి అమ్మ కుట్టుమిషను ఆపి వచ్చి పక్కన కూర్చునేది. ఆఖరి భాగం బుధవారం వచ్చింది. అందులో పడవ రేవుకి చేరింది, తండ్రి చెయ్యి ఊపాడు. మర్నాడు హనాదీ పండగ గౌను వేసుకుని బడికి పోయి, ఈ వారంలోనే మా నాన్న వచ్చేస్తున్నాడని క్లాసంతా చెప్పింది. చిన్నాన్న కొడుకు ముస్లిహ్ అదే క్లాసు. వాడు పదకొండు నెలలు నోరు కట్టుకుని విసిగిపోయి ఉన్నాడు.

“మీ నాన్న సహాబ్ శ్మశానంలో ఉన్నాడే, పిచ్చిదానా. మా నాన్న నాచేత కూడా మట్టి వేయించాడు,” అన్నాడు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకు గుర్తుండిపోయింది. నలభై మంది పిల్లలు, ఒక్కరి మొహంలోనూ కొత్త సంగతి విన్న గుర్తు లేదు. టీచరు ముస్లిహ్‌ని బెత్తంతో కొట్టింది. హనాదీని ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, నిజమేనా అని అమ్మని అడిగితే మిషను మీద అమ్మ కాలు ఆగింది. “ఎవరు చెప్పారు?” అంది అమ్మ. ఆ తర్వాత పదిహేనేళ్లుగా ఇద్దరి మధ్యా ఆ ఊసే రాలేదు.

వ్యాసం పట్టుకుని హనాదీ ఉస్తాద్ గదికి వెళ్లింది. ఆయన ఆమెని కూర్చోబెట్టి, మరమియా ఆకు వేసిన టీ తెప్పించి, ఎదురుగానే మొత్తం చదివాడు. ఆరుపదులు దాటిన మనిషి. చదువుతుంటే పెదాలు కదులుతాయి, రాసిన ప్రతిదాన్నీ గొంతుకి తగిలించి చూసే అలవాటు. అయిపోయాక కళ్లద్దాలు తీశాడు.

“బాగా రాశావు, అమ్మాయ్. కానీ నేను అడిగింది అనుభూతులు. ఇది పోలీసు పంచనామాలా ఉంది.”

“తిరగేసి నడిపించాలన్న ఆలోచన ఎవరిది ఉస్తాద్?”

“నాదే.”

ఆయన మొహం వికసించింది. ఇక తానే చెప్పుకొచ్చాడు. సీరియల్ కొనే దేశాల వాళ్లు ఒక పట్టీ పంపేవారట. తాగుడు చూపకూడదు, ముద్దులు చూపకూడదు, తల్లిదండ్రుల చావు చూపకూడదు. దాంతో ఐదు భాగాలు ఎత్తేశారు. ఆ తండ్రి ప్రయాణంలో ఉన్నాడని చెప్పి నలభై వారాలు నెట్టుకొచ్చాక తల్లుల దగ్గర్నించి బస్తాల కొద్దీ ఉత్తరాలు: ఎప్పుడొస్తాడు, మా పిల్లలు అన్నం తినడం లేదు. చచ్చినవాడిని ఎక్కణ్ణించి తేవడం? బొమ్మలు కత్తిరించి అతికే కోత మిషను మీద కూర్చునే మనిషి, వాడు వచ్చే బొమ్మ ఒక్కటి కూడా లేదు అని చేతులెత్తేశాడు. అప్పుడు ఈయన, పోయే బొమ్మ ఉందిగా, రీలు తిప్పి ఎక్కించు అన్నాడట.

“రెండు గంటల్లో అయిపోయింది. పొగ సంగతి చూసుకున్నాం, దూరం కదా, తెలియదులే అనుకున్నాం. పక్షి సంగతి చూసుకోలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. పట్టుకున్నది నువ్వొక్కదానివే,” అన్నాడు. మంచి శిష్యురాలు దొరికినందుకు ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసే హనాదీకి ఒళ్లు మండింది.

“మర్నాడు నేను పండగ గౌను వేసుకుని బడికెళ్లాను ఉస్తాద్,” అని మొదలుపెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. ముస్లిహ్ మట్టి సంగతితో సహా. ఆయన కప్పు ముట్టకుండా విన్నాడు. బల్ల మీద కళ్లద్దాలని అటూ ఇటూ జరిపాడు.

“అల్లా ఆయన్ని కరుణించుగాక. కానీ అమ్మాయ్, ఆ మాట నీకు చెప్పాల్సింది మీ అమ్మ. ఏ ఇంట్లో ఎవరు పోయారో స్టూడియోలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?”

“తెలియదు. తెలియనప్పుడు ఆయన్ని రాకుండా వదిలేయాల్సింది.”

“వదిలేస్తే ఊళ్లో పిల్లలంతా ఏడ్చేవాళ్లు.”

“ఏడ్చేవాళ్లు. వాళ్లందరితో పాటు నేనూ ఏడ్చేదాన్ని. నేనొక్కదాన్నే ఏడవాల్సి వచ్చింది.”

ఆయన ఫారం తన వైపు లాక్కుని సినిమా కథ తీశాడు. ఇందులో శవం ఉంది కదా, దాన్ని తీసెయ్యి అన్నాడు. ఖాళీ కుర్చీ చూపించు, కొక్కేనికి వేలాడే టోపీ చూపించు, పిల్లలు చాలా తెలివైనవాళ్లు, అర్థం చేసుకుంటారు. అలా మారిస్తే ఇప్పుడే, ఈ బల్ల మీదే, పిల్లల కోసం అని రాసి సంతకం పెడతానన్నాడు. తమ ఇంట్లో ఖాళీ కుర్చీలు బోలెడుండేవని, పదకొండు నెలలు వాటిని చూసినా ఏమీ అర్థం కాలేదని హనాదీ చెప్పింది. అయితే గురువారం ఫారాలు పరిశీలించే కమిటీలోనే తేల్చుకుందామన్నాడు ఆయన. కోపంగా అనలేదు. నీ మంచికే చెబుతున్నానన్నట్టు అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని కూర కోసం దోసకాయల్లాంటి లేత కూసా కాయల్లోంచి గుజ్జు తీస్తోంది. సన్నటి గొట్టపు చాకు కాయలోకి దించి తిప్పితే లోపలిదంతా వచ్చేస్తుంది, పైతోలు చెక్కుచెదరదు. హనాదీ ఎదురుగా కూర్చుని ఒక కాయ అందుకుంది. పక్షి సంగతి, పడవ సంగతి చెప్పింది. ఆ తండ్రి అసలు కథలో తొమ్మిదో భాగంలోనే చనిపోయాడట అంది. అమ్మ ఏమాత్రం తొట్రుపడలేదు.

“నాకు తెలుసు తల్లీ.”

“నీకెలా తెలుసు?”

“ఆ ఊరి ఆడవాళ్లు ఆ పిల్లని ఎలా చూసేవాళ్లో చూడలేదా? ప్రయాణం వెళ్లినవాడి కూతుర్ని ఎవరూ అలా చూడరు. మన వీధిలోవాళ్లు నిన్ను అలాగే చూసేవాళ్లు. మాటలైతే మార్చారు గానీ మొహాలు మార్చలేకపోయారు.”

హనాదీ చేతిలో కాయ పగిలింది. ఆ సీరియల్‌ని ఆమె ఈ నెల రోజుల్లో బొమ్మ బొమ్మగా విప్పి చూసింది. ఆ మొహాలు ఆమె కంటికి ఆనలేదు. అవి కనిపెట్టింది ఏ కాలేజీకీ పోని అమ్మ.

“తెలిసి కూడా నాకు ఎందుకు చెప్పలేదు?”

అమ్మ గిన్నె జరిపింది. “వాళ్లు చెబుతారని చూశాను. ఈ వారం చెబుతారు, వచ్చే వారం చెబుతారు అని ప్రతిసారీ మిషను ఆపి నీ పక్కన కూర్చునేదాన్ని. ఆ పిల్లకి చెప్పిన రోజున, మనకీ అంతేనమ్మా అందామనుకున్నాను. అనడానికి మాటలు కూడా కూర్చి పెట్టుకున్నాను. చివరికి పడవ వచ్చింది. నువ్వు లేచి గంతులేశావు.”

“అంటే నా సంగతి టీవీ వాళ్లకి వదిలేశావు.”

“వదిలేశాను,” అంది అమ్మ. ఇంకో కాయ తీసుకుంది.

క్షమించమని అడుగుతుందేమోనని హనాదీ కాసేపు చూసింది. అమ్మ అడగలేదు. అడిగినా ఏమనాలో హనాదీకి తెలియదు. అమ్మ చెబుతుందని స్టూడియోలో ఆయన అనుకున్నాడు, ఆయన చెబుతాడని ఇంట్లో అమ్మ అనుకుంది. గౌను తొడుక్కుని బడికి పోయింది తాను. గురువారం ఇంట్లోవాళ్లు కూడా రావచ్చట, నువ్వూ రా అని మాత్రం చెప్పింది.

కమిటీలో ముగ్గురు. ఉస్తాద్ మున్‌జిర్, ఎప్పుడూ నోరు విప్పని చిత్రలేఖనం మాస్టారు ఒకాయన, టీవీలో పిల్లల కార్యక్రమం చూసే దారీన్ మేడం. హాల్లో విద్యార్థులు, వాళ్ల తల్లులు, చెల్లెళ్లు. హనాదీ వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆమె వ్యాసం చదివి, రెండు ముక్కలు చూపించింది. ముందు బూటు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. తర్వాత పడవ. పొగ గొట్టంలోకి దూరడం నెమ్మదిగా నడిపించి, పక్షి దగ్గర ఆపింది. అది తోకవైపుకి ఒక్కో బొమ్మే ఎగురుతుంటే ముందు ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది, తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. చిన్నప్పటి స్నేహితుడి బండారం బయటపడినప్పుడు నవ్వే నవ్వది. అందరూ ఆ ఆఖరి భాగం చూసినవాళ్లే. అందరి నాన్నలూ ఆ సాయంత్రం ఇంటికొచ్చి భోజనం చేసినవాళ్లే.

ఆపమని ఎవరూ అనకముందే ఉస్తాద్ లేచాడు. చేతులు రెండూ పైకెత్తి నేరం ఒప్పుకున్నవాడిలా తలవంచాడు. ఆ కోత మిషను మనిషి కథ మొత్తం చెప్పాడు, ఈసారి ఇంకా బాగా చెప్పాడు. బస్తాల ఉత్తరాల దగ్గర ఆపాడు, రీలు తిప్పమన్న దగ్గర గొంతు తగ్గించాడు. చివర్లో ఎవరూ అడక్కుండానే, “సుహా తండ్రి దూరదేశాలకు ప్రయాణమై వెళ్లాడు,” అన్నాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఔస్ కొట్టలేదు. అమ్మ మూడో వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని, చప్పట్లు కొట్టేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

చప్పట్లు అయ్యాక సినిమా కథ సంగతి వచ్చింది. దారీన్ మేడం చాలా మర్యాదస్తురాలు. కథ ఎంతో బాగుందని, తాను కూడా ఏడ్చానని చెప్పింది. అయితే నాలుగు గంటలప్పుడు పిల్లలు అన్నం తింటూ చూస్తారని, ఒక్క తల్లి ఫోన్ చేస్తే తన ఉద్యోగానికే ఎసరని చెప్పుకుంది. ఆ తండ్రి మీద ఒక దుప్పటి కప్పగలవా అంది. దుప్పటి ఉంటే పైవాళ్లని ఒప్పించగలనంది.

“దుప్పటి కింద ఎవరున్నారో పిల్లలకి ఎవరు చెబుతారు మేడం?” అంది హనాదీ.

“ఇంట్లో చెబుతారుగా, అమ్మా.”

హనాదీ మూడో వరస వైపు చూడకుండా ఉండలేకపోయింది. అమ్మ కూడా ఆమెనే చూస్తోంది. హనాదీ కప్పనని చెప్పేసింది. ఆ కాలు కనపడాలి, దానికి బరువుండాలి, లేకపోతే ఈ సినిమా గీయడమెందుకు అంది. చిత్రలేఖనం మాస్టారు తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో ఎవరికీ తెలియలేదు.

ఉస్తాద్ మున్‌జిర్ ఫారం ముందు పెట్టుకుని కలం మూత తీశాడు. ఆమె ఒక్క గీత కూడా చెరపనక్కర్లేదన్నాడు. శవం ఉండనివ్వండి, బూటు ఉండనివ్వండి, ఇంత బాగా రాసిన పిల్లని ఆపడానికి నేనెవరిని అన్నాడు. మళ్లీ చప్పట్లు. ‘ఎవరి కోసం’ అన్న గడిలో హనాదీ రాసుకున్న మాట కొట్టేసి, పైన చక్కటి దస్తూరీతో పెద్దల కోసం అని రాసి, కింద సంతకం పెట్టాడు.

వరండాలో ఆయన తానే వెతుక్కుంటూ వచ్చి ఫారం ఆమె చేతికిచ్చాడు. పారిస్‌లో ఎవరో తెలుసట, అక్కడి సినిమా పండగలకి పంపిద్దామన్నాడు. “నీ మాట నీకు దక్కించాను చూడు, అమ్మాయ్. కమిటీలో ఇంకెవరున్నా శవాన్ని ఉండనిచ్చేవాళ్లు కాదు,” అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అమ్మకి నమస్కరించి, మీ అమ్మాయి కళ్లు డేగ కళ్లు అని కూడా మెచ్చుకున్నాడు. అమ్మ తల వంచి, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి అంది. పెద్దలతో ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడింది.

ఇద్దరూ కొండ దిగి మార్కా వైపు వెళ్లే సర్వీసు టాక్సీ ఎక్కారు. వెనక సీట్లో ఇద్దరే. బండి నిండితే గాని డ్రైవరు కదలడు. అతను రోడ్డు మీద నిలబడి, మార్కా, మార్కా అని అరుస్తున్నాడు. అమ్మ ఫారం ఇలా తే అంది. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, గడి దగ్గరికొచ్చేదాకా చదివింది. కొట్టేసిన మాట కూడా చదివింది.

“ఇందులో పెద్దలకి తెలియనిదేముంది?” అంది.

హనాదీ ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. ముందు సీట్లో ఒకాయన ఎక్కి తలుపు గట్టిగా వేశాడు. ఇంకొక్కరు, ఇంకొక్కరొస్తే చాలు అంటున్నాడు డ్రైవరు.